అల్లికలో దొరకని పేరు

"ఆ పేరుతో ఏ క్లాసూ లేదు" అంది తెర.

హిమజ మళ్ళీ కొట్టింది. ఈసారి ఒక్కో అక్షరాన్నీ ఒత్తి మరీ కొట్టింది, తప్పంతా కీబోర్డుదే అయినట్టు. సింహాచలం. తెర ఏమాత్రం మొహమాటపడకుండా అదే జవాబు చెప్పింది.

సింహాచలంగారు హిమజకి మావగారు. ఆమె వెతుకుతున్నది అత్తగారి మనసులో. ఇన్నేళ్ళు కాపురం చేసిన ఇల్లాలి మనసులో మొగుడి పేరు కొడితే లేదని వస్తే ఏ కోడలైనా ఏం చేస్తుంది? హిమజ ముందు లేచి వెళ్ళి గది తలుపు వేసి వచ్చింది.

ఋషికొండ మీద, సముద్రం వైపు కిటికీలున్న ఆ ప్రయోగశాలలో జరిగే పని ఒక్కటే. మెదడులో నరం చిట్లి మాట పడిపోయినవాళ్ళకు మాట తిరిగి తెప్పించడం. రోగి తలకు సన్నటి తీగల టోపీ పెట్టి, మనసు నడిచే తీరునంతా కొన్ని వారాల పాటు చదివి, దాన్ని 'అల్లిక' అనే ప్రోగ్రామింగ్ వ్యవస్థలోకి దింపుతారు. అక్కడ తెగిన పోగులు ముడివేసి, అదే టోపీ ద్వారా మళ్ళీ మెదడుకు నేర్పుతారు. అల్లికలో బలపడింది తలలోనూ బలపడుతుంది. అల్లికలో చెరిపేసింది తలలోనూ చెరిగిపోతుంది. ఆ రెండో మాట ప్రయోగశాలలో ఎవరూ గట్టిగా అనరు.

అల్లిక బాగానే ఉందో లేదో చూద్దామని హిమజ 'పిల్లి' అని కొట్టింది. పిల్లి క్లాసు ఠక్కున తెరుచుకుంది. దాని తల్లి క్లాసు, అంటే అది పుట్టిన పెద్ద క్లాసు, జంతువు. లోపల మెత్తదనం, పాలగిన్నె మూత పడిన చప్పుడు, 'ఛీ, పో' అన్న కసురు. అత్తగారు పైడమ్మగారు ఇన్నేళ్ళలో చూసిన పిల్లులన్నీ ఆ ఒక్క మూసలో పోసినవే. మనసు ప్రపంచాన్ని ఇలా మూసలుగా దాచుకుంటుందనీ, ప్రోగ్రాములు రాసేవాళ్ళు క్లాసు అనేది అచ్చం దీన్నేననీ తెలిసిన రోజునే ఈ ప్రయోగశాల పుట్టింది. మూసలకు పేర్లు ఎవరూ పెట్టరు. అల్లిక ఒక్కోదాన్నీ మెల్లగా తడుతుంది. లోపల ఏ మాట మోగితే అదే పేరు. ఆ పేర్లు పట్టుకుని వెతికే పద్ధతి హిమజ సొంతంగా రాసింది, దాని మీద ఆమెకు కాస్త గర్వం కూడా ఉంది.

ఉల్లిపాయ దొరికింది. కొడుకు భానోజీ దొరికాడు. హిమజ కూడా దొరికింది, 'ఉప్పు తక్కువ వేసేవాళ్ళు' అన్న క్లాసు కింద. దానికి ఆమె నొచ్చుకోలేదు, నిజమే కాబట్టి. పైడమ్మగారు వయసులో ఉండగా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఆ రోజుల్లో విశాఖలో ఫోనున్న ప్రతివాళ్ళ పేరూ నంబరూ ఆవిడ నోటికొచ్చు. మందుల షాపులు, షిప్పింగ్ ఏజెంట్లు, డాక్టర్లు, ఫోనెత్తగానే విసుక్కునే ప్లీడర్లు అందరూ ఆ అల్లికలో పేరుపేరునా భద్రంగా ఉన్నారు. లేనిది మొగుడొక్కడే.

"కాలిపోయి ఉంటుంది హిమజా" అన్నారు డాక్టర్ కృపానందం. ప్రయోగశాల పెద్ద ఆయనే. "నరం చిట్లిన చోటే ఉండి ఉంటుంది పాపం."

"కొండ పేరు కూడా లేదు సార్. వైజాగ్‌లో పుట్టి పెరిగిన మనిషికి సింహాచలం తెలియకపోవడమేంటి?"

"అదే చెబుతున్నా, ఆ మాటే పోయింది. ఆ చుట్టుపక్కల పేరు మోగని ముక్కలు చాలా కనిపిస్తున్నాయి చూడండి. అవన్నీ శిథిలాలు. శుక్రవారం ఊడ్పు పెట్టేద్దాం. ఖాళీ అయిన జాగాలో మాటలు మళ్ళీ మొలుస్తాయి."

ఊడ్పు అంటే పేరులేని క్లాసులన్నిటినీ తుడిచెయ్యడం. ఇంతవరకూ బాగుపడి వెళ్ళినవాళ్ళందరికీ చేసింది అదే. హిమజ తలూపింది.

మర్రిపాలెంలో ఇంటికి వచ్చేసరికి సింహాచలంగారు పొయ్యి దగ్గర చోడి అంబలి కలుపుతున్నారు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఓడలోంచి టన్నుల బరువును చుక్క తొణక్కుండా దించిన చేతులతో ఇప్పుడు భార్యకు చెంచాతో అంబలి తాగిస్తున్నారు. పైడమ్మగారికి ఎదుటివాళ్ళు అన్నది చాలావరకు అర్థమవుతుంది. నోట మాత్రం 'తా' అన్న శబ్దం తప్ప రాదు. రోజంతా ఊరిని ఊరితో మాట్లాడించిన నోరది. కోపమొస్తే ఆ 'తా'నే గట్టిగా అని, ఇంకో మాట రాక, గోడకేసి తిరిగి పడుకుంటారు.

"మావయ్యా, అత్తయ్య అల్లికలో మీ పేరు దొరకలేదు" అంది హిమజ. దాచిపెట్టి నాన్చడం ఆమెకు చేతకాదు.

"దొరక్కపోడమేటమ్మా?"

"జబ్బు చేసిన చోట ఉండుంటుంది అంటున్నారు డాక్టరుగారు. పోయినట్టే."

ఆయన గరిట ఆపలేదు. "నా పేరొక్కటే పోయిందా, నేను కూడానా?"

హిమజ పొయ్యి మంట తగ్గించింది.

"సర్లే. దానికి మాటొచ్చీస్తే చాలు. నోరు లేకపోతే అది బతకలేదు. నన్ను మళ్ళీ కొత్తగా పరిచయం చేద్దురు గాని" అని నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. మిగతా సగం కోసం ఆయన పడిన అవస్థ చూసి హిమజకి ఏడుపొచ్చింది.

గురువారం పొద్దున ఆయన గుడికి బయలుదేరారు. "ఒరే భానోజీ, సింహాచలానికి ఆటో ఏటైనా దొరుకుతాదేమో చూడరా. రేపు మీ అమ్మకి మంచి జరగాలని దండం పెట్టుకొని వచ్చీస్తాను."

భానోజీ ఫోన్ తీస్తూ నవ్వాడు. "నాకు స్కూల్లో చేరేదాకా దానికో పేరుందనే తెల్దు. అమ్మెప్పుడూ కొండ, కొండ అనీది. బస్సులో కండక్టరు ఏ కొండమ్మా అంటే, నన్ను చెప్పమని గిల్లీది."

"ఎందుకు?" అంది హిమజ.

"ఎందుకేటి? నాన్న పేరు కదా. మొగుడి పేరు నోటంట ఎలగ అంటాది?"

హిమజ చేతిలో కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఆమె తన మొగుణ్ణి పెద్దల ముందే 'ఒరే భానోజీ' అంటుంది. అతగాడు పలుకుతాడు. భర్త పేరు చెప్పకూడదన్న ఆచారం ఆమెకు తెలియనిదేం కాదు, వాళ్ళ అమ్మమ్మా అంతే. కానీ ఇంట్లో తెలిసిన సంగతి ఆఫీసులో గుర్తురావాలని ఎక్కడుంది? పేరు మోగకపోతే లోపల ఏమీ లేనట్టే అని అల్లికకు నేర్పింది తనే. మనసుకు దగ్గరైనవాటికి పేరు ఉండి తీరుతుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు, తనే అనుకుంది.

"భానోజీ, ఆ ఆటో నాక్కావాలి" అంటూ చెప్పులేసుకుంది.

ప్రయోగశాలలో కూర్చుని 'కొండ' అని కొట్టింది. వెంటనే దొరికింది. మెట్లు, చందనం వాసన, సంపెంగపూలు, మోకాళ్ళ నొప్పి. తల్లి క్లాసు దగ్గర మాత్రం పేరు లేదు, ఖాళీ. హిమజ ఆ ఖాళీ మీద నొక్కింది.

తెరుచుకుంది.

శిథిలమైతే లోపల చిందరవందరగా ఉండాలి. ఇది నిండుగా ఉంది. ఎంత కిందికి వెళ్ళినా అడుగు తగల్లేదు. పోర్టు నూనె మరకలున్న చొక్కా కాలరు. రెండో షిఫ్టు దిగి వచ్చే స్కూటర్ చప్పుడు, వీధి మలుపులో అది కాస్త తగ్గడం. జ్వరంలో నుదుటి మీద గరుకు అరచెయ్యి. పెద్ద గొడవ తర్వాత ఎవరు ముందు మాట్లాడాలో తెలియక ఇద్దరూ ఒకే టీవీని చూసిన సాయంత్రాలు. దేనికీ పేరు లేదు. అల్లిక తట్టిన ప్రతిసారీ అక్కడ మాటకు బదులు ఒక చిన్న నిశ్శబ్దం వచ్చింది. యంత్రం దాన్ని 'ఏమీ లేదు' అని చదువుకుంది.

'దీని మీద ఆధారపడినవి' అన్న మీట నొక్కింది హిమజ. గీతలు మొదలయ్యాయి. ఆ పేరులేని క్లాసు నుంచి వానకి ఒకటి, తలుపు గడియకి ఒకటి, అన్నం కొలతకి, ధైర్యానికి, అలకకి, మంచంలో ఎడమ పక్కకి. తెర పట్టక బొమ్మ తనంతట తాను చిన్నదవుతూ పోయింది. ఇంకా గీతలు వస్తూనే ఉన్నాయి. దేవుడనే క్లాసు కూడా దాని కిందే ఉంది. హిమజ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. కొండను తవ్వితే ఎలుక దొరికిందని సామెత. ఇక్కడ కొండను తవ్వితే ఆ కొండకే తల్లి దొరికింది.

మరి దీనికి తల్లి ఏది? ఆమె పైకి జరిపి చూసింది. 'నేను' అని ఉంది. పైడమ్మగారు తనను తాను అనుకునే క్లాసు అది. సరే, ఆ 'నేను'కి తల్లి క్లాసు ఏది? అక్కడ మళ్ళీ అదే ఖాళీ. అదే పేరులేని క్లాసు.

హిమజ మళ్ళీ చూసింది. ఇది కుదరదు. తల్లికి బిడ్డ తల్లి కాలేదు. ఏ ప్రోగ్రామింగ్ వ్యవస్థా దీన్ని ఒప్పుకోదు, మొదటి అడుగులోనే తప్పని కొట్టేస్తుంది. ఆమె పరుగున వెళ్ళి డాక్టర్ కృపానందాన్ని పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఇది కుదరదు" అన్నారు.

"కుదరదు సార్. కానీ ఇన్నేళ్ళూ నడిచింది. ఇప్పుడూ నడుస్తోంది. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన పేక ముక్కల్లాగ."

"దీన్ని మనం రేపు ఊడ్చేసేవాళ్ళం కదా?"

"ఆ."

ఆయన కుర్చీలో చేరగిలబడ్డారు. "ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచీ ఇలాంటిది చూడలేదు. మా ఆవిడ మనసులో నేనెక్కడున్నానో చూసుకోవాలంటే భయమేస్తోంది హిమజా" అన్నారు. వేళాకోళానికి అన్నట్టే ఉంది గానీ, గొంతు మాత్రం అలా లేదు. ఇంతకుముందు బాగు చేసి పంపినవాళ్ళలో ఇలాంటివి ఎన్ని ఊడ్చేశామో అన్న ఆలోచన ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఇద్దరూ మళ్ళీ తెర వైపు తిరిగారు.

తర్వాత లెక్కలు చూసుకుంటే దారులు రెండే తేలాయి. ఒకటి, ఆ క్లాసుకి సింహాచలం అని పేరు పెట్టడం. పేరుంటే అల్లిక ఊడ్చదు. కానీ పేరు పెట్టగానే అది నియమాల కిందికి వస్తుంది, అల్లిక దాన్నీ 'నేను'నీ విడదీసి ఒకదాన్ని పైనా ఒకదాన్ని కిందా పెట్టి ఆ ముడిని తెంపేస్తుంది. తెగిన ఆ జాగాలో మాటలు మొలుస్తాయి. ఆయన ఆవిడ ఎరిగిన మనుషుల్లో ఒకరవుతారు. రెండోది, పేరు మోగకపోతే ఏమీ లేనట్టే అన్న నియమాన్నే హిమజ అల్లికలోంచి తీసెయ్యడం. అప్పుడు ముడి ముడిగానే ఉంటుంది. కానీ మాటలు మొలవడానికి జాగా ఇంకెక్కడో ఖాళీ చెయ్యాలి. అంత జాగా ఉన్నది ఒక్కచోటే. టెలిఫోన్ ఎక్స్ఛేంజి. ఆ పేర్లు, నంబర్లు, ఆ ఉద్యోగం, ఆ ఉద్యోగంలోని వయసు.

ఆ మధ్యాహ్నమే అత్తమామలిద్దరినీ ప్రయోగశాలకు రప్పించింది. పైడమ్మగారిని లోపల మంచం మీద కూర్చోబెట్టి, మావగారికి తెర చూపించి వీలైనంత తేలిగ్గా చెప్పింది. ఆయన గీతల వంక నోరు తెరుచుకుని చూశారు.

"ఇదంతా నేనా?"

"మీరే మావయ్యా."

"ఇంత పెద్ద క్రేన్ కూడా నేనెప్పుడూ నడపలేదమ్మా" అన్నారు ఆయన. తెరకి ఇంకాస్త దగ్గరగా వంగి, "పేరు పెట్టీస్తే ఏటవుతాదన్నావు? నన్ను పేరు పెట్టి పిలుస్తాదా?" అని అడిగారు.

"పిలవగలరు."

ఆయన ముఖం చూసి హిమజ ఆశ్చర్యపోయింది. పండగ బట్టలు చూసిన పిల్లవాడి ముఖం అది.

"ఒక్కసారే అంది. పెళ్ళైన కొత్తలో, మా ఇంటి గుమ్మంలో. మా చెల్లెళ్ళు అడ్డం నిలబడి, పేర్లు చెప్తే గాని లోపలికి రానివ్వం అన్నారు. అది తలొంచుకొని అంది. ఆ అల్లరిలో, బాజాల్లో నాకు సరిగ్గా వినబడలేదు. మళ్ళీ అనవే అని ఎన్నిసార్లు బతిమాలేనో. అనలేదు. ఎవరూ లేనప్పుడు కూడా అనలేదు."

హిమజ ఆ పేరులేని క్లాసులోకి దిగింది. గుమ్మం, పసుపు నీళ్ళు, బియ్యం నిండిన చెంబు. అక్కడ, ఆ నిశ్శబ్దమంతటిలో ఒకే ఒక్క శబ్దం ఉంది. పేరుగా కాదు, జ్ఞాపకంగా. అందుకే వెతుకులాటకు చిక్కలేదు. ఆమె దాన్ని స్పీకర్లోకి పంపింది.

"సింహాచలంగారూ నేనూ వచ్చాం. తలుపు తియ్యండి."

ఇరవై ఏళ్ళ పిల్ల గొంతు. సిగ్గూ, పొగరూ, ముంచుకొస్తున్న నవ్వూ. ఆయన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నారు. డాక్టర్ కృపానందం కిటికీ వైపు తిరిగిపోయారు. బయట సముద్రం మామూలుగానే ఉంది.

"పెట్టీమ్మా" అన్నారు సింహాచలంగారు, కళ్ళు తుడుచుకోకుండానే. "పేరు పెట్టీ. చచ్చేలోగా ఇంకొక్కసారి వింటాను."

హిమజ చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి. మళ్ళీ వెనక్కి తీసుకుంది. "మావయ్యా, మనందరం మాట్లాడేసుకుంటున్నాం. అత్తయ్యని అడగలేదు."

తెరను మంచం దగ్గరికి తీసుకెళ్ళారు. హిమజ నేల మీద కూర్చుని, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. ఇది మావయ్య అంది. పేరు పెట్టనా అంది. పెట్టకపోతే మీ ఎక్స్ఛేంజి పోతుంది, అందులో ఒక్క నంబరు కూడా మిగలదు అంది. పైడమ్మగారు గీతల వంక చూశారు. ఎక్స్ఛేంజి వంక చూశారు. అక్కడ ఆవిడ చూపు చాలాసేపు నిలిచింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత బాగున్న చెయ్యి చాచి, నడుమ ఉన్న ఆ ఖాళీ చోటు మీద అరచెయ్యి బోర్లించి కప్పేశారు. కప్పి, హిమజని, డాక్టరుగారిని, గదిలో ఉన్న అందరినీ కోపంగా చూశారు. మిమ్మల్నెవరు చూపించమన్నారు అన్నట్టు.

"తా!" అన్నారు గట్టిగా.

సింహాచలంగారికి సిగ్గేసింది. వెంటనే నవ్వొచ్చింది. ఈసారి నవ్వు పూర్తిగా వచ్చింది. "వొద్దులెండి" అన్నారు డాక్టరుగారితో. "దాని కొంప దానికి తెలుసు."

హిమజ ఆ నియమాన్ని తీసేసింది. చూస్తే ఒక్క వాక్యం. ఎప్పుడో తను, ఏమీ ఆలోచించకుండా, చాలా తెలివిగా రాశాననుకుని రాసిన వాక్యం. తర్వాత ఎక్స్ఛేంజిని ఖాళీ చేసింది. పేర్లు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, ఎవరో తెలియని ఆ మనుషులందరికీ లోలోపల క్షమాపణ చెప్పుకుంది.

టోపీ పెట్టి నేర్పడం వర్షాకాలమంతా సాగింది. మాటలు ముందు ముక్కలుగా, తర్వాత జంటలుగా వచ్చాయి. కార్తీకంలో పరీక్ష పెట్టారు. పరీక్ష చేసేది బయటి ఆసుపత్రి నుంచి వచ్చిన స్పీచ్ థెరపిస్టు, చిన్న వయసు అమ్మాయి. ఇక్కడి కథ ఆమెకేమీ తెలియదు.

ఆమె పెన్ను చూపించింది. "పెన్ను." గడియారం. "గడియారం." తాళంచెవి దగ్గర కాస్త తడబడి, చెప్పారు.

"ఈవిడెవరమ్మా?"

"మా కోడలు. హిమజ."

"మీరు ఉద్యోగం ఏం చేసేవారు?"

పైడమ్మగారు ఆలోచించారు. నుదురు ముడిపడింది. "ఉద్యోగమా? నేనా?" అని హిమజ వైపు చూశారు. హిమజ తల తిప్పేసుకుంది.

"ఫరవాలేదు. ఈయనెవరు?"

గోడవారగా నిలబడ్డ సింహాచలంగారి వైపు వేలు చూపించింది ఆ అమ్మాయి. పైడమ్మగారు ఒక్కసారి చూసి, కొంగు సర్దుకుని, దుప్పటి అంచుతో ఆడుకోసాగారు.

"ప్రయత్నించండమ్మా. ఈయన పేరేంటి? మొదటి అక్షరం చెప్పనా?"

ఉలుకూ పలుకూ లేదు. ఆ అమ్మాయి జాలిగా డాక్టర్ కృపానందం వైపు తిరిగి, ఇదొక్కటీ రాలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన మంచం వైపే చూస్తున్నారు. హిమజ కూడా అంతే.

అమ్మాయి మూడోసారి అడిగేసరికి పైడమ్మగారికి ఒళ్ళు మండింది.

"పేరెందుకే నీకు?" అన్నారు, ఒక్క మాట కూడా తడబడకుండా. "పొద్దున్నించీ అలగే నించుండిపోయేరు మనిషి. ముందు ఏటైనా తిన్నారో లేదో అడుగు."

"తిన్లేదు" అన్నారు సింహాచలంగారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.